ఏడో కాగితం

అనప గింజలు రాత్రి నానబెట్టినవి. సువర్ణ ఒక్కో గింజనూ రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కుతుంటే పప్పు ఎగిరి గిన్నెలో పడుతోంది, తొక్క వేలికి అంటుకుంటోంది. ఎదురుగా కూతురు జెమీమా కూడా అదే పని చేస్తోంది. ఇద్దరికీ కలిపి ఒకటే గిన్నె.

ముందు గదిలో జెమీమా నాన్న రాజరత్నం మళ్లీ పాట కాగితాలు లెక్కపెడుతున్నాడు. నిన్నటి నుంచి ఇది నాలుగోసారి. రేకు డబ్బా మూత తీసిన చప్పుడు, కాగితం మీద కాగితం పెట్టిన చప్పుడు.

"ఆరే ఉండాయి," అన్నాడు గోడకు చెప్పినట్టు.

సువర్ణ తలెత్తలేదు.

"అమ్మా," జెమీమా గొంతు తగ్గించింది. "కుప్పంలో పిన్ని మోకాళ్లు ఎట్లుండాయి?"

"అట్నే ఉండాయి. తైలం పూసి వచ్చినా."

"పిన్ని ఇంట్లోనే ఉండిందా?"

"ఇంట్లో లేకుంటే ఎవరి మోకాళ్లకు పూస్తా? పప్పు సూసి పితుకు. తొక్కలు గిన్నెలో వేస్తాండావు."

జెమీమా తొక్క ఏరి పక్కన పెట్టింది. రెజీనా పిన్ని పది రోజులుగా హోసూరులో కొడుకింట్లో ఉంది. మనవరాలికి పళ్లొస్తున్నాయని ఆదివారం ఫోన్లో తనే చెప్పింది. అమ్మ కుప్పం పోయి వచ్చానన్నది పోయిన గురువారం. ఈ సంగతి జెమీమా ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఆరేళ్లలో అమ్మ అబద్ధం ఆడగా ఆమె ఎప్పుడూ చూడలేదు. అందుకే ముందు తన చెవులనే అనుమానించింది.

పోయిన బుధవారం పాట సాధన అయిపోయాక డబ్బాలో ఏడు కాగితాలుండేవి. ఏడింటినీ జెమీమానే లెక్కపెట్టి మూత వేసింది. శనివారం బండమీదపల్లె ఆడవాళ్లు గుట్ట కింద రోడ్డు మీద కూర్చున్నారు. ఎవరూ కాగితం తీసుకుపోలేదు, అందరికీ పాట నోటికి వచ్చు. ఆ సాయంత్రం వాళ్లను ఆటోలో తెచ్చిన నవీన్‌ను పోలీసులు ఎత్తుకుపోయారు. జేబులో పాట కాగితం దొరికిందన్నారు. జనాన్ని రెచ్చగొట్టే పాట, రాసిందీ పంచిందీ వీడే అన్నారు.

నవీన్‌కు పాట రాదు. కాగితం ముఖం కూడా చూడలేదు.

పాట రాసింది జెమీమా. చర్చిలో ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో పాడే ఒక పాత వరస మీద దాన్ని కట్టింది రాజరత్నం. ఎన్నికలయ్యాయి, సర్కారు మారింది, గుట్ట మీద జెండా మారింది, క్వారీ మాత్రం పురుషోత్తం చేతుల్లోనే ఉండిపోయింది. గుట్ట పగిలితే కింద ఊట పోతుంది. ఊట పోతే బండమీదపల్లె పోతుంది. ఆ మాట చెప్పడానికి ఊరివాళ్లు కూడితే గుంపు కూడరాదన్నారు, మైకు పెట్టరాదన్నారు, నినాదాలు చేయరాదన్నారు. పాట పాడరాదని మాత్రం ఉత్తర్వులో రాయడం మరిచిపోయారు.

అప్పటి నుంచి ఆ ఊరి ఆడవాళ్లు ఐదుగురు బుధవారం బుధవారం ఈ ఇంటికి వచ్చేవాళ్లు. మదనపల్లె ఆస్పత్రికి పోతున్నామని ఇంట్లో చెప్పి బస్సెక్కేవాళ్లు. సువర్ణ, జెమీమా కలిస్తే ఏడుగురు. చప్పుడు వీధిలోకి పోకుండా హార్మోనియం వెనక దుప్పటి కుక్కేవాడు రాజరత్నం. క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్నారని ఇరుగుపొరుగు అనుకున్నారు. క్వారీ గొడవతో ఊళ్లో వాడికీ వీడికీ పలకరింపులు లేని ఆ రోజుల్లో, ఆ ఒక్క గంట ఈ గదిలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

బయట బండి ఆగింది. జెమీమా అన్న ప్రకాష్ బాబు లోపలికొచ్చాడు. మైక్‌సెట్లు బాడుగకు ఇస్తాడు. నిన్న పురుషోత్తం మీటింగుకు పెట్టిన సౌండ్ బాక్సుల దుమ్ము ఇంకా చొక్కా మీదే ఉంది.

"వచ్చినావా?" అన్నాడు రాజరత్నం. "మీ దొర నిద్ర లేసినాడా?"

"టిఫిను తినిపోదామని వచ్చినా నాయనా. గలాటా పెట్టుకోను రాలేదు."

"దొర పెట్టలేదా టిఫిను? గొంతంతా అరువిచ్చినావు గదా ఆయనకు."

"గొంతు కాదు, స్పీకర్లు. బాడుగకి." ప్రకాష్ చేతులు కడుక్కున్నాడు. "మీరు చర్చిలో నలభై ఏళ్లు ఊరికే పాడించినారు. మొన్న కమిటీవాళ్లు ఏమన్నారు? ఈ క్రిస్మస్‌కి రావద్దన్నారు. మన వరస బయటి గలాటాకు ఇచ్చినావు, పెద్దమనిషివి ఇంట్లో ఉండు అన్నారు."

"అన్నా, ఇడ్లీ పెడతా రా," అంది జెమీమా.

"పెట్టు. ముందు నేను రుచి సూసినాక నాయనకు పెట్టు. విషం కలిపింటానేమో అని ఆయనకు అనుమానం."

సువర్ణ వేళ్లు ఇంకా గింజలు నొక్కుతూనే ఉన్నాయి.

ప్రకాష్ ఫోను బల్ల మీద మోగింది. జెమీమా చూడాలని చూడలేదు. తెర మీద పురుషోత్తం పేరు. ప్రకాష్ ఎత్తలేదు, ఆపలేదు. మోగుతున్న ఫోనును అలాగే జేబులో వేసుకున్నాడు. అది వాడి తొడ దగ్గర ఇంకాసేపు మోగింది. రాజరత్నం ఆ జేబు వైపే చూశాడు.

"సారూ!"

గుమ్మంలో మునిస్వామి. నవీన్ తండ్రి. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మూడు రోజుల గడ్డం.

"రాప్పా మునిస్వామీ, లోపలికి రా. మీ ఇంటామె మునెమ్మ ఎట్లుండాది?"

"పాడతాండాది సారూ. మాట్లాడమంటే మాట్లాడదు, తినమంటే తినదు. పొయ్యి కాడ కూసోని అదే పాట పాడతాండాది. ఎవురన్నా వింటే ఇంకో కేసు పెడతారే అంటే, గొంతు తగ్గించి పాడతాది. అంతే."

సువర్ణ కాఫీ తెచ్చింది. మునిస్వామి రెండు చేతులతో అందుకున్నాడు కానీ తాగలేదు.

"సిస్టరమ్మా, మీ చేత్తో పుట్టినాడు వాడు. ఈ ఊరి ఆస్పత్రిలోనే. మీకు గ్యాపకముందో లేదో."

"ఉండాది," అంది సువర్ణ. ఆ ఒక్క మాటకే ఆమెకు ఎగశ్వాస వచ్చినట్టయింది.

మునిస్వామి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మడత పెట్టిన జిరాక్సు.

"లాయరు ఇచ్చినాడు. నవీన్ జేబులో దొరికిందని టేషన్‌వాళ్లు కోర్టులో పెట్టిన కాగితం ఇదేనంట. ఇది వాడిది కాదని నిలబడేటట్టు ఏదన్నా ఒకటి తెమ్మన్నాడు. మద్దేనం రెండింటికి పుంగనూరులో ఆయన్ని కలవాల. నాకు సదువు రాదు సారూ. సూసి చెప్పండి, ఇది మీ ఇంటిదేనా?"

రాజరత్నం అద్దాలు పెట్టుకున్నాడు. కాగితం విప్పాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వు కొంచేపు అరుగు మీద కూసోప్పా. కాఫీ తాగు. చెప్తా."

మునిస్వామి ఆయన ముఖం చూశాడు, తర్వాత సువర్ణను, ప్రకాష్‌ను, జెమీమాను ఒక్కొక్కరినే చూశాడు. "నేను మిమ్మల్ని ఏమీ అడగను సారూ. అడిగేదానికి నాకు నోరు రాదు," అన్నాడు. కాఫీ గ్లాసు పట్టుకుని బయటికి పోయాడు. రాజరత్నం తలుపు దగ్గరికి వేశాడు.

"మన కాగితమే."

"ఎట్ల తెలుస్తాది?" అన్నాడు ప్రకాష్. "జిరాక్సు గదా. పేరు లేదు, ఊరు లేదు."

"పేర్లు రాయొద్దని నేనే చెప్పినా." రాజరత్నం కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. "పెన్సిలు గీతలు సూడు. ఊపిరి గుర్తులు. ఈ జిల్లాలో ఈ గీత ఇట్లా పెట్టేవాడు నేనొకడినే."

అది ఆయన నలభై ఏళ్ల అలవాటు. పాడేవాళ్ల ముందు కూర్చుని, ఎవరి ఊపిరి ఎక్కడ తెగుతుందో విని, వాళ్ల వాళ్ల కాగితం మీద అక్కడక్కడ పెన్సిలుతో గోరు గీసినంత గీత పెడతాడు. పాట కాగితాలను అచ్చు అక్షరాల్లో రాయించి, ఎవరి రాతో తెలియకుండా జిరాక్సు తీయించి, ఎవరి పేరూ వేయనివ్వకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాడు. ఆ తర్వాత అలవాటు చొప్పున కూర్చుని ఏడింటి మీదా గీతలు పెట్టాడు.

"డబ్బా ఎప్పుడూ బీరువా మీదే ఉంటాది," అన్నాడు. "ఈ ఇంట్లో నలుగురం. ప్రకాషూ, ఇట్ల సూడు."

"సూస్తాండా."

"ఎప్పుడిచ్చినావు?"

"నేనా?" ప్రకాష్ నవ్వబోయాడు. "నాకు డబ్బా యాడ పెడతారో కూడా తెల్దు."

"కుక్కకు కూడా తెలుసు."

"కుక్కను పెంచుకుందామంటే మీరు ఒప్పుకోలేదు గదా."

"ఎగతాళిగా ఉండాదా నీకు!" రాజరత్నం అరవలేదు. బయట మునిస్వామి ఉన్నాడని గొంతు నొక్కిపట్టాడు. అందువల్ల ఆ మాట ఇంకా చెడ్డగా వినిపించింది. "వాడి మీటింగు నువ్వు పెడతావు. వాడి ఫోను నీకు వస్తాది. ఎత్తకుండా జేబులో వేసుకుంటావు. మా ముందర ఎత్తలేవు గనక."

"ఎత్తితే అమ్ముడుపోయినానంటారు. ఎత్తకుంటే దాస్తాండానంటారు. ఏం చేయమంటారు, మింగమంటారా ఫోను?"

"నిజం చెప్పమంటాండా."

"చెప్తే నమ్ముతారా?"

రాజరత్నం చూపు మళ్లీ కాగితం మీదికి తిప్పాడు. ప్రకాష్ ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టాడు. శనివారం నుంచి అన్న ఈ ఇంట్లో కడుపునిండా తినలేదని జెమీమాకు అప్పుడు తట్టింది. తనూ వాణ్ణే అనుమానించింది. నవీన్‌ను పట్టుకున్నప్పటి నుంచి అన్న చొక్కా ఉతికేటప్పుడల్లా జేబులు వెతికింది.

ఆమె నాన్న చేతిలోంచి కాగితం తీసుకుంది.

తను రాసిన మాటలే. కానీ ఒకరి కాగితం ఇంకొకరు చూడటం సాధనలో ఉండేది కాదు. గీత ఎక్కడుంటే అక్కడ ఊపిరి తీసుకుంటూ, పెదవులు మాత్రం కదిలిస్తూ పాడుకుంది.

రాయి కింద నీళ్లుండాయి, నీళ్ల కింద మా పేరుండాది
పేరు తవ్వి ఎత్తుకుపోను నీ కాడ ఏ బండి ఉండాది

మొదటి సగం దగ్గర గీత. అది అందరికీ ఉంటుంది. తర్వాత 'నీళ్ల కింద' దగ్గర ఇంకో గీత. జెమీమా అక్కడ ఊపిరి తీసింది. పాట కుంటింది. ఆమె మళ్లీ మొదటి నుంచి పాడింది. మళ్లీ అక్కడే కుంటింది.

మాట సగంలో ఊపిరి తీస్తే అర్థం చచ్చిపోతుందని నాన్న ఎంతమందిని తిట్టాడో ఆమెకు తెలుసు. బండమీదపల్లె ఆడవాళ్లు బిందెలు మోసినవాళ్లు, వరుస మొత్తం ఒక్క దమ్ములో లాగేస్తారు. వాళ్లెవరికీ అక్కడ గీత అక్కరలేదు. అక్కడ ఊపిరి అక్కరైన మనిషి ఒక్కరే. క్షయ వార్డులో నర్సుగా పనిచేసి ఎడమ ఊపిరితిత్తి సగం పోగొట్టుకున్న మనిషి.

జెమీమా పెదవులు ఆగిపోయాయి. పాట నేర్పేవాడికి పెదవులు చదవడం వచ్చు. రాజరత్నం ఆమె చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. గొంతు విప్పి, మెల్లగా, గీతల ప్రకారం తనే పాడాడు.

"రాయి కింద నీళ్లుండాయి... నీళ్ల కింద..."

అక్కడ ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ ఎత్తుకోలేదు.

వంటింట్లో గింజల చప్పుడు కూడా ఆగింది.

"సువర్ణా," అన్నాడు.

ఆమె వచ్చి గుమ్మానికి ఆనుకుంది. వేళ్లకు అనప తొక్కలు అంటుకుని ఉన్నాయి. కొంగుకు తుడుచుకోలేదు.

"కుప్పం పోలేదు నేను," అంది, ఎవరూ అడగకముందే, జెమీమా వైపు చూసి. "నీకు తెలుసు. పొద్దున నుంచి గుచ్చి గుచ్చి అడుగుతాండావు."

"యాడికి పోయినావు?" రాజరత్నం అడిగాడు.

"పుంగనూరుకి. పురుషోత్తం మనిషిని పంపినాడు. ప్రకాష్ పేరు మైకు కేసులో వస్తాండాది, మాట్లాడాల రమ్మన్నాడు."

"నా పేరా?" అన్నాడు ప్రకాష్. కానీ ఆశ్చర్యపోలేదు. అది జెమీమా గమనించింది.

"నువ్వు మాట్లాడొద్దు. ఇంక నేను చెప్పేస్తా." సువర్ణ ఊపిరి కూడదీసుకుంది. "అంతకు ముందు శనివారం ఆడవాళ్ల కాడ మైకు మోగింది గదా. ఆ మైకు యాడిది అని ఊరంతా అనుకునింది. మీరూ అనుకున్నారు. వీడిదే. వీడే ఇచ్చినాడు, బాడుగ లేకుండా, ఎవరికీ చెప్పకుండా. పురుషోత్తం దాన్ని గుర్తుపట్టినాడు. తన మీటింగులో రోజూ సూస్తాండాడు గదా ఆ స్పీకరు డబ్బాను."

రాజరత్నం కొడుకు వైపు తిరిగాడు. ప్రకాష్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే నమ్మిందురా?" అదే మాట, రెండోసారి. ఈసారి రాజరత్నం తల దించుకున్నాడు.

"పాటలో ఏముండాదో సూడాలన్నాడు," సువర్ణ చెబుతూనే ఉంది, ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనన్నట్టు. "సర్కారును తిట్టినారా, నన్ను తిట్టినారా సూసి ఇచ్చేస్తా, మీవాడి పేరు తీయిస్తా అన్నాడు. నా కాగితం తీసుకుపోయినా. ఇంకొకరిది తీసుకుపోతే తప్పు గదా. పాటలో తిట్టు లేదు. ఒక్క చెడ్డ మాట లేదు. సదివితే మనసు మారుతాదేమో అనుకుంటి. ఎంతమంది మారలేదు పాట విని? మీరే చెప్తారు గదా."

"సదివినాడా?"

"నా ముందరే సదివినాడు."

"ఏమన్నాడు?"

"బాగుండాది అన్నాడు."



"మళ్లీ ఇస్తా కూసో అన్నాడు. కూసున్నా. లోపలికి పోయినాడు. రాలేదు. బస్సు టయానికి నేను లేసి వచ్చేసినా. రెండు రోజులకి అది నవీన్ జేబులో..." ఆమె గొంతు తగ్గింది. "వాణ్ణి ఈ చేతుల్తో ఎత్తినా. వాళ్ల నాయనకి ఈ చేతుల్తోనే కాఫీ ఇచ్చినా ఇప్పుడు."

రాజరత్నం కుర్చీలో కూర్చున్నాడు. రేకు డబ్బా ఆయన ముందే, బల్ల మీద, మూత తెరిచి ఉంది.

"ఈ ఆరూ ఆ ఏడోదాని పక్కన పెడితే చాలు," అన్నాడు. "గీతలన్నీ ఒక చేతివని ఎవురికైనా తెలుస్తాది. ఏడోది ఎవరి ఊపిరో కూడా తెలుస్తాది. నవీన్ బయటికి వస్తాడు."

"అమ్మ లోపలికి పోతాది," అంది జెమీమా.

"నేను పోతా," అంది సువర్ణ.

"ఉత్త చేతుల్తో పోయి ఏం చెప్తావు? పురుషోత్తం నిన్ను సూడనే లేదంటాడు. నీ మాట ఎవురు వింటారు? ఈ డబ్బా కావాల." ఆయన చేతులు డబ్బా అంచులు పట్టుకున్నాయి. ఇవ్వడానికి పట్టుకున్నట్టుందో, దాచడానికి పట్టుకున్నట్టుందో జెమీమా చెప్పలేకపోయింది. "మాట సగంలో ఊపిరి ఆడని మనిషివి. ఆ జైలు గదుల్లో నాలుగు దినాలు ఉంటావా నువ్వు?"

"పాట రాసింది నేను. నా పేరు చెప్పండి."

"నువ్వు నోరు మూసుకో," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అరుగు మీద మునిస్వామి దగ్గాడు. ఊరికే వచ్చిన దగ్గు కాదనిపించింది జెమీమాకు. తలుపు పూర్తిగా పడలేదు, బెత్తెడు సందుంది. గోడ గడియారంలో పదకొండు దాటింది.

ప్రకాష్ జేబులో ఫోను మళ్లీ మోగింది. ఈసారి వాడు తీసి చూశాడు. పెదవులు బిగించి, ఆపేశాడు. బల్ల దగ్గరికి వచ్చాడు. నాన్న వేళ్లను డబ్బా అంచు మీదినుంచి ఒక్కొక్కటిగా, దెబ్బ తగలకుండా తీశాడు. రాజరత్నం తీయనిచ్చాడు. ప్రకాష్ మూత నొక్కి డబ్బాను చంకలో పెట్టుకున్నాడు. బల్ల మీది జిరాక్సును కూడా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"యాడికి రా?" అంది సువర్ణ.

వాడు ఆమె చేయి పట్టుకుని, వేలికి అంటుకున్న అనప తొక్క ఒకటి తీసేశాడు. వదిలేశాడు.

వాకిలికి అడ్డంగా జెమీమా ఉంది. డబ్బాను పుంగనూరుకు తీసుకుపోయి మునిస్వామి కొడుకును విడిపిస్తాడా? పురుషోత్తం చేతిలో పెట్టి అమ్మను కాపాడుకుంటాడా? పది నిమిషాల కింద ఏ మనిషిని అనుమానించి సిగ్గుపడిందో, ఆ మనిషినే ఆమె మళ్లీ అనుమానిస్తోంది. అడిగితే చెబుతాడు. చెబితే నమ్ముతుందా?

జెమీమా పక్కకు జరిగింది.

మునిస్వామి లేచి నిలబడ్డాడు. కాఫీ గ్లాసు అరుగు మీద నిండుగా అలాగే ఉంది. తననూ బండెక్కమంటాడని కాబోలు, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ప్రకాష్ ఆయన ముఖం చూడకుండా, ఒక్క మాట లేకుండా ఆయన్ను దాటుకుని పోయి బండి తీశాడు.

సందు చివర ఎడమకు తిరిగితే పుంగనూరు రోడ్డు. కుడికి తిరిగితే, నాలుగిళ్లు దాటాక, పురుషోత్తం ఈ ఊళ్లో పెట్టుకున్న ఆఫీసు. ఇంట్లో ముగ్గురూ, అరుగు మీద ఒకరూ చెవులు అటే పెట్టారు.

బండి చప్పుడు సందు చివరిదాకా పోయి, ఏ వైపూ తిరగకుండా అక్కడ ఆగింది.